పట్నం ఫోటోలో పక్కన నిలబడ్డవాళ్ళు

ధర్పల్లి దిక్కు పట్నం అంటే హైదరాబాదే. పోయొచ్చినోళ్ళ ఫోన్లు తీసి చూడండి. చార్మినార్ ఫోటో లేని ఫోన్ దొరకడం కష్టం. అందరిదీ దాదాపు ఒకటే కోణం: మినార్లు పూర్తిగా పడాలి, కింద మన మనిషి నవ్వాలి, వెనక ఎవరూ అడ్డం రావద్దు. ఆ 'అడ్డం రావద్దు' అన్న మాట దగ్గరే ఆగాలనిపిస్తుంది. చార్మినార్ చుట్టుపక్కల ఎప్పుడూ జనమే. పండ్ల బండి, గాజుల దుకాణం, అత్తరు అమ్మేవాడు, బేరం ఆడే ఆడవాళ్ళు. వీళ్ళందరినీ అడ్డం అనుకునే చూపు మనకు ఎక్కడి నుంచి వచ్చింది?

ఊరిని 'చూడదగ్గ స్థలాల' వరుసగా చూపించే అలవాటు పాతది. హైదరాబాదు మటుకు ఆ అలవాటుకు రూపం ఇచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది లాలా దీన్ దయాళ్ పేరు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు. రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం చేస్తూ 1874లో కెమెరా పట్టాడు. 1880ల మధ్యలో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. అంటే హైదరాబాదును మనకు చూపించిన మనిషి, స్వయంగా బయటి ఊరి నుంచి వచ్చినవాడు. భవనాన్ని కొలిచే ఇంజనీరు చూపు ఆయన ఫోటోల్లో స్పష్టంగా కనిపిస్తుంది. కట్టడం నిటారుగా, నిండుగా నిలబడి ఉంటుంది. మనుషులు ఉంటే ఆ కట్టడం ఎంత పెద్దదో చెప్పడానికి ఉన్నట్టుంటారు.

దీనికి కెమెరానే కారణం అనుకోవచ్చు. అందులో కొంత నిజం ఉంది. 1838లో పారిస్‌లో డాగెర్ ఒక పెద్ద వీధిని ఫోటో తీశాడు. సందడిగా ఉండే బాట. ఫోటోలో మాత్రం దాదాపు ఖాళీ. ప్లేటు మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది కాబట్టి నడిచేవాళ్ళు, గుర్రబ్బండ్లు ఏవీ అంటలేదు. ఒక్క మనిషి మిగిలాడు, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డాడు గనుక. పాలిష్ చేసేవాడి చేయి కదులుతూనే ఉంటుంది కదా, అతను మసకగా మిగిలాడు. పని చేయించుకునేవాడు స్పష్టంగా, పని చేసేవాడు మసకగా! ఫోటోగ్రఫీ చరిత్ర ఇట్లా మొదలవడం యాదృచ్ఛికమే గానీ, మర్చిపోలేనిది.

అయితే దీన్ దయాళ్ హైదరాబాదుకు వచ్చేనాటికి డ్రై ప్లేట్లు వచ్చేశాయి. తడి ప్లేటు రోజుల్లోలాగా చీకటి డేరా వెంట మోసుకుపోయి, తీసిన చోటనే కడగాల్సిన అవసరం తప్పింది. వెలుతురు బాగుంటే క్షణంలో బొమ్మ పడేది. ఇక వీధి మనిషి ఫోటోలోకి రాకపోతే, ఆ నేరం ఒక్క రసాయనానిదే అనలేం. ఫోటో ఎవరు అడిగారు, ఎవరు డబ్బులు ఇచ్చారు అన్నది చూడాలి. అడిగినవాళ్ళు నిజాం, నవాబులు, బ్రిటిష్ అధికారులు. 1902 ఏప్రిల్‌లో వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వైస్రాయ్ కర్జన్, ఆయన భార్య చచ్చిన పులితో దిగిన ఫోటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. దాని కింద కర్జన్ దంపతుల పేర్లుంటాయి, ఊరి పేరుంటుంది. పులిని అడవిలోంచి తరిమి తెచ్చినవాళ్ళ పేర్లు మనకు రాలేదు.

ఆయన తలుపులు కొన్ని తెరిచిన మాట కూడా చెప్పాలి. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో జనానా స్టూడియో పెట్టాడు. దాన్ని నడిపింది ఒక ఇంగ్లీషు మహిళ. నిజాం ప్రభుత్వం చేయించిన కరువు సహాయ పనులను కూడా ఆయన ఫోటోలు తీశాడు. అక్కడ జనం ఉన్నారు. కానీ ప్రభుత్వం చేసిన మేలుకు సాక్ష్యంగా ఉన్నారు. ఆకలి ఎవరిదో, పేరేమిటో ఆ ఫోటో అడగదు.

దీన్ దయాళ్ 1905లో పోయాడు. మూడేళ్ళకు, 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. ఆ వరద ఫోటోల్లో మొదటిసారి వేరే పట్నం కనిపిస్తుంది. గోడలు కూలాయి, వంతెనలు దెబ్బతిన్నాయి. శిథిలాల మధ్య మామూలు మనుషులు నిలబడ్డారు. భవనం పడిపోయాక గానీ మనిషి ఫోటోకు మధ్యలోకి రాలేకపోయాడు!

ఇది ఒక్క పట్నం కథ కూడా కాదు. 1900 ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా మీటర్ గేజ్ రైలు ఇందూరు మీదుగా వచ్చింది. ఇప్పటి నిజామాబాదే ఆ ఇందూరు. మన జిల్లా మనిషికి పట్నం దగ్గరయింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఫ్యాక్టరీ గేటు, చిమ్నీ ఫోటోలు సులభంగానే దొరుకుతాయి. చెరకు నరికిన చేతుల ఫోటో కావాలంటే మాత్రం శక్కర్‌నగర్ ఇళ్ళల్లో ట్రంకు పెట్టెలు తెరవాల్సిందే.

ఈ చూపును మన దగ్గర తిరగేసినవాళ్ళు లేకపోలేదు. వరంగల్‌కు చెందిన గుడిమళ్ళ భరత్ భూషణ్ పత్రికల్లో పనిచేస్తూనే కెమెరాను పల్లెల వైపు తిప్పాడు. ఇంటి గోడలు, తలుపులు, బతుకమ్మ ఆడే ఆడవాళ్ళు ఆయన ఫోటోల్లో అలంకారాలు కారు, అసలు విషయమే వాళ్ళు. 2022 జనవరిలో ఆయన పోయాడు. చూసే అలవాటు ఒకటి మనకు వదిలిపోయాడు.

1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం దీన్ దయాళ్ గాజు నెగటివ్‌లు 2,857 సేకరించింది. పట్నం మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఆ ఫోటోలు తప్పక చూడాలి. నడిమధ్యన ఉన్న భవనం చూశాక, అంచుల దాకా పోండి. గుర్రం కళ్ళెం పట్టుకున్నవాడు, గొడుగు పట్టినవాడు, గోడ నీడలో కూర్చున్నవాడు ఎక్కడో ఒకచోట ఉంటారు. ఈసారి లాడ్ బజార్‌లో లక్కగాజులు చేసే మనిషిని ఫోటో తీసినప్పుడు, ముందు ఆమెను అడగండి. ఒప్పుకుంటే పేరు కూడా అడగండి, చెప్తే ఫోటో కింద రాయండి. నూరేళ్ళకు ఆ ఫోటో చూసేవాళ్ళకు చార్మినార్ పేరు ఎవరూ చెప్పనక్కర్లేదు.