విశాఖ రేవు: ఇసుకతో పోరాటం

ఓడరేవు అనగానే మనకు పెద్ద ఓడలు, క్రేనులు జ్ఞాపకం వస్తాయి. ఇసుక జ్ఞాపకం రాదు. కాని విశాఖపట్నం రేవు చరిత్ర చాలవరకు ఇసుకతో మానవుడు పడిన పాట్ల చరిత్రయే.

1901 జనాభా లెక్కలలో విశాఖపట్నం సుమారు 41 వేలమంది నివసించే చిన్న పట్టణం. ఆ రోజులలో ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసేవి. పలకలను కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టిన మసూలా పడవలలో సరకులను ఒడ్డుకు చేరవేసేవారు. సముద్రం పోటెత్తిననాడు ఆ పని ఆగిపోయేది. కలకత్తాకు, మద్రాసుకు నడుమ పెద్ద ఓడలు గట్టును ఆనుకొని నిలువగల రేవు ఒక్కటీ లేదు. మధ్యపరగణాలలోని మాంగనీసు ఖనిజం ఎగుమతికి దగ్గరి దారి కావలసివచ్చినది.

1877లోనే ఇక్కడ సర్వే జరిగినప్పటికీ, మొదటి ప్రపంచ యుద్ధం తరువాత గాని పని ముందుకు సాగలేదు. బ్రిటిష్ నౌకాశాఖకు చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోటును సూచించాడు. దక్షిణాన డాల్ఫిన్ నోస్ కొండ గోడవలె నిలిచి అలలను ఆపుతున్నది. దాని వెనుక ఉన్నది మెత్తని బురదనేల. దానిని తవ్వితే రేవు, తవ్విన మట్టితో పల్లాన్ని పూడ్చితే కట్టడాలకు నేల లభిస్తాయి.

ఇక మిగిలిన చిక్కు ఇసుక. నైరుతి ఋతువులో అలలు తీరాన్ని ఏటవాలుగా తాకుతాయి. అల ఇసుకరేణువును ఏటవాలుగా పైకి తోస్తుంది. వెనుదిరిగే నీరు దానిని తిన్నగా క్రిందికి లాగుతుంది. ఈ విధంగా రేణువు అడుగడుగునా ఉత్తరానికి జరుగుతుంది. ఈశాన్య ఋతువులో ఈ నడక తారుమారైనా, సంవత్సరం మొత్తంమీద ఉత్తరానికి పోయే ఇసుకే ఎక్కువ. దాని దారికి అడ్డంగా లోతైన కాలువ తవ్వితే అది పూడిపోక తప్పదు.

అందుచేత ఇంజనీర్లు కొండ దగ్గర రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుకట్ట చేశారు. దాని చాటున నీరు నెమ్మదించి, ఇసుక కాలువను చేరకముందే అడుగున పడుతుంది. దానిని డ్రెడ్జర్లు, అనగా పూడిక తీసే ఓడలు, తోడివేస్తాయి. 1927లో ఆరంభమైన రేవు నిర్మాణం 1933 నాటికి పూర్తి అయినది. ఈలోగా 1931లో రాయపూర్–విజయనగరం రైలుమార్గం సిద్ధమైనది. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ రేవులో ప్రవేశించినది.

రేవు ఉన్నందువల్లనే చమురు శుద్ధి కర్మాగారం వచ్చినది. తూర్పుతీరంలో మొదటిదైన ఈ కర్మాగారాన్ని 1957లో కాల్టెక్సు కంపెనీ ప్రారంభించినది. నాటి శక్తి సంవత్సరానికి 6.75 లక్షల టన్నులు. ముడిచమురును కాచి, ఆవిరులను వేర్వేరు ఉష్ణోగ్రతలవద్ద చల్లార్చితే పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు వేరవుతాయి. ఆ ముడిచమురు వచ్చేది సముద్రం మీదనే. కాలువ లోతు తగ్గితే కర్మాగారానికి మేత తగ్గుతుంది. 1976లో దీనిని ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్నది; 1978లో ఇది హిందూస్థాన్ పెట్రోలియంలో విలీనమైనది. మరింత పెద్ద ఓడల కొరకు 1976లో వెలుపలి రేవు వెలిసినది.

రేవును, కర్మాగారాన్ని కలిపే గొట్టాలకూ కాపలా అవసరమే. 1997 సెప్టెంబరు 14న, ఓడనుండి వంటవాయువును నిల్వ గోళాలలోకి ఎక్కిస్తుండగా వాయువు కారి మంటలు చెలరేగాయి. సుమారు 60 మంది మరణించారు. ఒకనాడు చిన్న పట్టణానికి వెలుపల వెలసిన కర్మాగారం చుట్టూ అప్పటికే నగరం అల్లుకొన్నది.

ఇసుక సమస్యకు మరొక ముఖం కూడా ఉన్నది. దక్షిణాన ఆపిన ఇసుక ఉత్తరాన ఉన్న తీరానికి అందదు. అందనిచోట అలలు ఒడ్డును కోసివేస్తాయి. కనుక రేవులో తీసిన ఇసుకను రామకృష్ణా బీచి వైపు మళ్ళీ చేర్చవలసివస్తున్నది. 2014 అక్టోబరు 12నాటి హుద్‌హుద్ తుపాను తరువాత కోత ఉధృతం కాగా, ఈ అవసరం అందరికీ అర్థమైనది. విద్యార్థులు వేసవిలో ఆ తీరానికి వెళ్ళినప్పుడు ఒక చిన్న కొయ్యముక్కను అలల అంచున విడిచి, పది నిమిషాలలో అది ఎటు జరిగినదో గమనించవచ్చు. ఇంజనీర్లను ఇన్నేళ్ళుగా శ్రమపెట్టిన శక్తి ఏదో అప్పుడు కంటికే కనిపిస్తుంది.