వాలిన చక్రము

ఆటను రేడియోలో వినువారికి ఒక సంగతి అనుభవమున తెలియును. వ్యాఖ్యాత నోట మాట వెలువడులోపలనే బంతి హద్దు దాటిపోవును. మాటకున్న యీ వెనుకబాటు ఛాయాచిత్రమునకు లేదని మన నమ్మకము. అది పూర్తిగా నిజము కాదు.

ఫ్రాన్సు దేశమున జాక్ హెన్రీ లార్తీగ్ అను యువకుడు మోటారు పందెమున తీసిన చిత్రమొకటి లోకప్రసిద్ధము. చాలకాలము దానిని 1912 నాటిదని చెప్పుచు వచ్చిరి; 1913 నాటిదని కొందరు పరిశోధకుల వాదము. అందు కారు చక్రము గుండ్రముగా లేదు. కోడిగ్రుడ్డువలె సాగి ముందునకు వాలియున్నది. దారి ప్రక్కనున్న జనమో, వెనుకకు ఒరిగియున్నారు. నిజముగా ఎవరును ఒరగలేదు. ఆ కెమెరాలో గాజుపలకకు ముందు ఒక గుడ్డతెర, తెరలో సన్నని చీలిక. చీలిక పలకమీదుగా నిలువుగా జారుచుండగా బొమ్మ కొంచెము కొంచెముగా పడును. క్రింది అంచు ఒక క్షణమునకు చెందినది, పై అంచు మరియొక క్షణమునకు. కారు వెంట కెమెరాను త్రిప్పిన లార్తీగ్ దాని వేగమును అందుకొనలేకపోయెను. అందుచే కారు ఒకవైపునకు, జనము మరియొకవైపునకు వాలిరి. చూచువారికి ఆ దోషమే వేగముగా తోచును. అది వేరు సంగతి.

తరువాతి కెమెరాలలో చీలిక వేగము పెరిగెను, వాలు తగ్గెను. అయితే అద్దముగల కెమెరాలో బొమ్మ పడు క్షణమున అద్దము పైకి లేచి కంటికి చీకటి కమ్మును. తీసినవాడే ఆ క్షణమును చూడలేడు! అద్దము లేని కెమెరా ఈ లోటును తీర్చెను. అవసరమైనచో చప్పుడును మానెను. గోల్ఫు ఆటగాడు కర్ర ఎత్తినప్పుడు మీట నొక్కరాదను కట్టుబాటునకు గల కారణమే పోయెను.

కాని పాత వాలు తిరిగి వచ్చెను. చప్పుడులేని పద్ధతిలో తెర కదలదు. సెన్సరుపై పడిన వెలుగును యంత్రము వరుసవెంట వరుసగా చదువును. వరుసలు పెరిగినకొలది ఆలస్యము. 2022లో వచ్చిన సోనీ ఏ7ఆర్ 5లో 6 కోట్ల 10 లక్షల బిందువులు కలవు. వానిని చదువుటకు సుమారు సెకనులో పదవ వంతు పట్టును. 100 మీటర్లను 10 సెకన్లలో పరుగిడువాడు ఆలోపల ఒక మీటరు సాగిపోవును. గోల్ఫు కర్ర విల్లువలె వంగి కనిపించును. అట్టి కెమెరాతో ఆటకు పోవువాడు తెరషట్టరునే వాడి, చప్పుడు భరింపవలెను.

మరి ఇన్ని బిందువులేల? హద్దు దగ్గర బంతి పట్టువానిని ఈవలి గట్టునుండి తీసినచో బొమ్మలో వాడు చీమయంత. 5 కోట్ల బిందువులున్నచో నాలుగవ వంతు ముక్కను మాత్రమే ఉంచుకొన్నను కోటి ఇరువదియైదు లక్షలు మిగులును. పత్రిక పుట కది చాలును. 2021లో వచ్చిన సోనీ ఏ1, నికాన్ జెడ్ 9 ఇన్ని బిందువులను త్వరగా చదువనేర్చినవి. నికాన్ వారు తెరషట్టరునే తీసివేసిరి.

2023లో ప్రకటించిన సోనీ ఏ9 3లో వరుసల వంతు లేదు. బిందువులన్నియు ఒక్కమారే వెలుగును పట్టును. అందు చక్రము వాలదు. కాని బిందువులు రెండున్నర కోట్లకు లోపే, ఏ1లో ఉన్నవానిలో సగము.