వేలూరు, గుడియాత్తం ప్రాంతంలో ఇంటి సబ్బుల తయారీ

నూనెలో కాస్టిక్ సోడా ద్రావణం కలిపి ఇంట్లోనే చేత్తో సబ్బులు చేసి అమ్ముకోవడం తమిళనాడులోని వేలూరు జిల్లాలో ఆడవాళ్లు పెట్టుకోగలిగే చిన్న వ్యాపారాల్లో ఒకటి. ఆ జిల్లాలోని గుడియాత్తానికి ఇంటిపట్టున చేసే పని కొత్త కాదు. చేనేత లుంగీలు, అగ్గిపెట్టెలు, బీడీలు ఆ ఊరికి పేరు తెచ్చిన వృత్తులు. ఊరు కౌండిన్య నది ఒడ్డున, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఇప్పుడు ఆంధ్రలో ఉన్న పలమనేరు, చిత్తూరు కూడా గుడియాత్తంలాగే ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. అందుకే ఇక్కడి బజార్లలో తమిళంతోపాటు తెలుగూ వినిపిస్తుంది.

ఇంటి సబ్బు ఎంత దూరం పోగలదో చెప్పడానికి మెడిమిక్స్ మంచి ఉదాహరణ. మద్రాసులో రైల్వే వైద్యుడిగా పనిచేసిన వి.పి. సిద్ధన్, ఆయన భార్య 1969లో 18 మూలికలతో ఆ సబ్బును మొదట తమ ఇంట్లోనే తయారు చేశారు. అది తర్వాత దక్షిణాది అంతటా ఇంటింటి సబ్బు అయింది.

తయారీ

మార్కెట్లో దొరికే సబ్బు బేస్‌ను కరిగించి, రంగు, వాసన కలిపి అచ్చుల్లో పోయడం ఒక పద్ధతి. అందులో ప్రమాదం తక్కువ, లాభమూ తక్కువే. నూనె నుంచి మొదలుపెట్టేదే అసలైన సబ్బు పని. దీనికి తూకం ప్రాణం. ఒక్కో నూనె సబ్బుగా మారడానికి కావలసిన కాస్టిక్ సోడా ఒక్కో రకంగా ఉంటుంది: గ్రాము కొబ్బరినూనెకు 0.183 గ్రాములు, పామాయిల్‌కు 0.142, ఆముదానికి 0.128. అరకిలో కొబ్బరినూనె, 400 గ్రాముల పామాయిల్, 100 గ్రాముల ఆముదం తీసుకుంటే లెక్కకు 161 గ్రాముల సోడా వస్తుంది. అందులో 5 శాతం తగ్గించి 153 గ్రాములే వేస్తారు. కొంచెం నూనె మిగిలిపోతే ఒంటికి మంచిది, సోడా మిగిలితే చర్మం కాలుతుంది.

సోడాను నీళ్లలో కొద్దికొద్దిగా వెయ్యాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. ద్రావణం సలసలా వేడెక్కి ఘాటు ఆవిరి లేస్తుంది కనుక గాలి ఆడే చోట, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, పిల్లలు దరిదాపుల్లో లేకుండా చేయాలి. అల్యూమినియం గిన్నెను సోడా తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. అందుకే స్టీలు గిన్నెలే వాడాలి. ద్రావణం చల్లారాక నూనెలో పోసి కలుపుతూ ఉంటే మిశ్రమం చిక్కబడుతుంది. గరిటెతో పైన గీసిన గీత చెరగకుండా నిలిస్తే అచ్చులో పోసే అదను వచ్చినట్టు. మర్నాడో మూడోనాడో ముక్కలు కోసి 4 నుంచి 6 వారాలు నీడన ఆరబెడతారు. ఈ ఆరుదలలో తొందరపడేవాళ్లే ఎక్కువ. పచ్చి సబ్బు మెత్తగా ఉండి త్వరగా అరిగిపోతుంది, కొన్నవాళ్లు మళ్లీ రారు. వేలూరు ఎండాకాలంలో ఆరుదల సులువు. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో మాత్రం సబ్బులోని గ్లిజరిన్ గాలిలోని తేమను పీల్చి, పైన చెమట పట్టినట్టు బొట్లు కనిపిస్తాయి.

తమిళనాట బాగా అడిగేది కుప్పైమేని సబ్బు. తెలుగువాళ్ల కుప్పింటాకు అదే. తంగేడు పువ్వు, వట్టివేరు, వేప, కలబంద కూడా వాడతారు. సోడా తగిలితే ఆకుపసరు పచ్చదనం నిలవదు, గోధుమ రంగుకు తిరుగుతుంది. పచ్చగా నిగనిగలాడే సబ్బు చాలాసార్లు రంగు కలిపినదే. ఉప్పు నీళ్ల ఊళ్లలో నురగ రావాలంటే కొబ్బరినూనె వంతు పెంచాలి.

అమ్మకం, చట్టం

1982 సవరణ తర్వాత సబ్బు కూడా ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కిందికి వచ్చింది. 2020 సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం అమ్మకానికి తయారు చేయాలంటే రాష్ట్ర అధికారుల లైసెన్సు ఉండాలి. వంటింట్లో అది దొరకడం కష్టం. విడిగా స్థలం, అర్హత ఉన్న సాంకేతిక సిబ్బంది అడుగుతారు. ఒక్కరుగా చేసే ఆడవాళ్లకు ఇది మోయలేని బరువు. లైసెన్సు ఉన్న యూనిట్‌లో తమ పేరుతో చేయించుకోవడానికి లోన్ లైసెన్సు దారి ఉంది. తమిళనాడు ప్రభుత్వ మహిళా పథకమైన మహళిర్ తిట్టం కింద ఏర్పడిన స్వయం సహాయక సంఘాలు కలిసి ఒక యూనిట్ పెట్టుకోవడం ఇంకా మెరుగు. ఈ సంఘాల సరుకుకు ‘మది’ అనే బ్రాండు ఉంది.

లేబుల్ మీద బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, చిరునామా ఉండాలి. అచ్చులో 110 గ్రాములున్న ముక్క ఆరాక 100కు దిగుతుంది కనుక బరువు ఆరిన తర్వాతే తూచి రాయాలి. సీఎంసీ ఆసుపత్రి ఉన్న వేలూరులో, చర్మవ్యాధులతో వచ్చే రోగుల మధ్య, సబ్బు గజ్జిని తగ్గిస్తుందని రాయడం పెద్ద తప్పు. జబ్బు నయం చేస్తుందని చెప్పిన క్షణం నుంచి చట్టం దాన్ని మందుగా చూస్తుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి స్నానం సబ్బు మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. తమిళనాడు లోపల అమ్ముకునేవాళ్లకు ఏడాది అమ్మకాలు 40 లక్షల రూపాయలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. గుడియాత్తంలో చేసిన సబ్బును వేలూరు దుకాణానికి పంపడానికీ, పలమనేరు దుకాణానికి పంపడానికీ అంత తేడా ఉంది.