గేటు దగ్గర సగం జీతం

1953లో బట్టల మిల్లుల గిడ్డంగుల్లో సరుకు పేరుకుపోయింది. యాజమాన్యాలు కార్మికులను తాత్కాలికంగా ఇళ్లకు పంపడమో, పంపుతామని హెచ్చరించడమో మొదలుపెట్టాయి. ఉద్యోగం పోయినట్టు కాదు, అలాగని పనీ లేదు, కూలీ లేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఈ త్రిశంకు స్థితి గురించి ఏమీ చెప్పలేదు. అప్పటి కేంద్ర కార్మిక మంత్రి వి.వి. గిరి రైల్వే కార్మికోద్యమం నుంచి వచ్చినవారు. ఆయన హయాంలోనే, ఆ ఏడాది అక్టోబరు 24న ఆర్డినెన్సు వచ్చింది. ఆ వెంటనే అది చట్టసవరణగా మారింది.

ఏడాది సర్వీసు నిండిన కార్మికుడిని లేఆఫ్ చేస్తే, మూలవేతనంలోనూ కరువు భత్యంలోనూ సగం చెల్లించాలన్నది దాని సారాంశం. అయితే ఆ సగం ఊరికే చేతికి రాదు. పేరు మస్టర్ రోల్‌లో ఉండాలి. రోజూ నిర్ణీత వేళకు గేటు దగ్గర హాజరు కావాలి. వచ్చిన రెండు గంటల్లోగా పని చూపకపోతేనే ఆ రోజు లేఆఫ్ కింద లెక్క. అయిదు మైళ్లలోపు అదే యజమానికి చెందిన మరో సంస్థలో తగిన పని ఇస్తే కాదనకూడదు. సంస్థలోని మరో విభాగంలో సమ్మె జరిగి, దానివల్ల పని ఆగితే పరిహారమే లేదు. తాను చేయని సమ్మెకు తన కూలి పోవడం ఏ న్యాయమో చట్టం వివరించలేదు.

యాభై మందికి తక్కువగా ఉన్న సంస్థలనూ, రుతువును బట్టి నడిచే పరిశ్రమలనూ చట్టం ఈ బాధ్యత నుంచి మినహాయించింది. మినహాయింపు దొరికినంత మాత్రాన యజమానికి లేఆఫ్ చేసే హక్కు వచ్చినట్టేనా? ఫైర్‌స్టోన్ టైర్ల కంపెనీ కేసులో తేలింది ఈ ప్రశ్నే. బొంబాయి కర్మాగారంలో సమ్మె వల్ల సరుకు తగ్గిందని, 1968లో ఢిల్లీ పంపిణీ కార్యాలయంలోని 30 మందిలో 17 మందిని పక్కన పెట్టారు. 1976లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది: చట్టం పరిహారం గురించే చెప్పింది, లేఆఫ్ చేసే అధికారాన్ని ఇవ్వలేదు. ఆ అధికారం ఉద్యోగ ఒప్పందంలోనో స్టాండింగ్ ఆర్డర్లలోనో ఉండాలి. లేకపోతే కార్మికుడు పూర్తి జీతానికి అర్హుడు. చిన్న సంస్థల కార్మికులకు ఇంతకన్నా విలువైన తీర్పులు అరుదు. అది ఉన్నదని తెలిసినవారు మరీ అరుదు.

అదే ఏడాది మార్చిలో, ఎమర్జెన్సీ నడుమ, ఇందిరాగాంధీ ప్రభుత్వం 300 మంది లేదా అంతకు మించి పనిచేసే కర్మాగారాలు, గనులు, తోటల్లో లేఆఫ్‌కు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. సంఘాల గొంతు నొక్కిన రోజుల్లోనే ఈ రక్షణ దక్కడం విడ్డూరమే. 1984 నుంచి ఆ హద్దు వందకు దిగింది. పార్లమెంటు 2020లో ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల స్మృతి దాన్ని మళ్లీ మూడు వందలకు పెంచింది. అంటే 250 మంది పనిచేసే కర్మాగారం లేఆఫ్‌కు ఇక ప్రభుత్వాన్ని అడగనక్కరలేదు. అక్కడి కార్మికుడికి మిగిలేది 1953 నాటి సగమే.