మన టీలో పండు ఎందుకు లేదు?

ఇంజనీరింగ్ రెండో ఏడులో మా హాస్టల్ గదికి ఒక టీ డబ్బా వచ్చింది. కూనూరు వెళ్ళొచ్చిన సీనియర్ ఒకాయన ఇచ్చాడు. దాని మీద 'ఆరెంజ్ పీకో' అని రాసుంది. మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కమలాపండు వాసన కోసం చాలాసేపు వెతికాను. రాలేదు. లోపం నా ముక్కుదే అనుకుని, పక్క గదివాడితో "ఆరెంజ్ బాగా తెలుస్తోంది కదరా" అన్నాను. వాడు కూడా వాసన చూసి, తెలుస్తోందనే అన్నాడు.

అది ఆకు గ్రేడు పేరని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 'పీకో' అనేది చైనా మాట నుంచి వచ్చింది. లేత మొగ్గ మీద ఉండే తెల్లటి నూగును సూచిస్తుంది. ఆరెంజ్ గురించి చెప్పే కథల్లో డచ్చి రాజవంశం పేరు నుంచి వచ్చిందన్నది ఎక్కువగా వినిపిస్తుంది. ఏ కథలోనూ పండు మాత్రం లేదు.

ఆ పాత సిగ్గు 2025 జులైలో మళ్ళీ గుర్తొచ్చింది. మా ఊరు దామలచెరువు దగ్గర. మామిడి వ్యాపారం తెలిసినవాళ్ళకి ఆ మార్కెట్ పేరు చెబితే చాలు. బెంగుళూరు నుంచి ఇంటికి పోతూ నాలుగు రకాల ఆకు టీలు తీసుకుపోయాను: ఒకటి మామిడి, ఒకటి నిమ్మ, ఒకటి స్ట్రాబెర్రీ, నాలుగోది ఏమీ కలపని నీలగిరి టీ. మామిడి టీ యాభై గ్రాములు నాలుగొందల యాభై రూపాయలు. మా నాయన మనసులోనే లెక్క కట్టేశాడు. కిలో తొమ్మిది వేలు.

ఆ సీజన్లో తోతాపురి ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలని, దాని మీద ప్రభుత్వం 4 రూపాయలు కలిపి ఇస్తుందని ప్రకటించారు. లోడుతో ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు రోజుల తరబడి నిలబడ్డాయి. అట్లాంటి వారంలో కొడుకు ఈ పెట్టె తెచ్చి ముందు పెడితే ఆయనకి ఎట్లా ఉంటుందో నేను ఆలోచించలేదు. ఆయన కోప్పడలేదు. పెట్టెలోది పళ్ళెంలో పోసి, ఎండు మామిడి ముక్కలు ఏరి లెక్కపెట్టాడు. పదకొండు ఉన్నాయి. మిగతాదంతా నల్లటి ఆకు, కొన్ని బంతి రేకులు, కంటికి కనబడని ఫ్లేవర్.

"మామిడి మనది. టీ ఆకు నీలగిరిది, ఈడికి ఒక రాత్రి బస్సు దూరం. ఇంతకాలం ఈ రెండూ కలిపి మనోళ్ళు ఎవురూ ఎందుకు తాగలేదురా?" అన్నాడు.

నాకు చప్పున జవాబు తోచలేదు. తర్వాత కొన్ని నెలలు దొరికిన పుస్తకాలు చదువుతూ, వంటింట్లో కొంత పాడుచేస్తూ వెతుక్కున్న జవాబే ఈ వ్యాసం.

*

ముందు ఆకు గుణం చెప్పాలి. ఇంగువ డబ్బా పక్కన టీ పొడి పెట్టొద్దని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. ఎండిన టీ ఆకు పక్కనున్న వాసననల్లా లాగేసుకుంటుంది. ఇది చైనావాళ్ళకి వందల ఏళ్ళ కిందటే తెలుసు. 1391లో మింగ్ వంశపు మొదటి చక్రవర్తి, అచ్చుపోసిన టీ బిళ్ళలను కప్పంగా పంపే పద్ధతి ఆపించాడు. అక్కణ్ణించి విడి ఆకు టీ బాగా వ్యాపించింది. పూల వాసన పట్టించడం అంతకు ముందే ఉన్నా, విడి ఆకుతో ఆ పని బాగా కుదిరింది. మల్లెమొగ్గలు పగలు కోసి, సాయంత్రం ఆకులో కలుపుతారు. రాత్రి అవి విచ్చుకుంటూ వాసన వదులుతాయి. తెల్లారాక పూలు జల్లించి తీసేసి, ఆకు ఆరబెట్టి, మళ్ళీ కొత్త మొగ్గలు కలుపుతారు. మంచి రకానికి ఇట్లా చాలాసార్లు చేస్తారు. సాయంత్రాలు తిరుపతి పూలంగళ్ళ ముందు నడిచినవాళ్ళకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. ఇంత చేశాక పెట్టెలో పువ్వు ఉండాల్సిన పని లేదు, వాసన ఆకులోకి దిగిపోయి ఉంటుంది.

పండు సంగతికొస్తే, అందరికీ తెలిసిన పేరు ఎర్ల్ గ్రే. ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో పండే బెర్గమాట్ అనే నిమ్మజాతి కాయ తొక్కనూనె దీంట్లో కలుపుతారు. 1830 నుంచి 1834 దాకా బ్రిటన్ ప్రధానిగా ఉన్న చార్లెస్ గ్రే పేరు దీనికి ఉంది. ఎవరో చైనా అధికారి ఆయనకి కానుకగా ఇచ్చాడన్న కథకి ఆధారం లేదు. ఆధారం ఉన్న కథ వేరే. 1837లో లండన్‌లో ఒక వ్యాపార సంస్థ నాసిరకం టీకి బెర్గమాట్ వాసన పట్టించి మేలురకంగా అమ్ముతోందని ఆరోపణ వచ్చింది. అంటే పండు వాసన ఆ కాలం నుంచే రెండు పనులూ చేస్తోంది. మంచి ఆకుకి తోడుగా ఉంటుంది, చెడ్డ ఆకుని కప్పిపెడుతుంది. కొన్న పెట్టెలో అది ఏ పని చేస్తోందో పేరు చూసి చెప్పలేం.

*

ఇక మన సంగతి. అస్సాం టీ లండన్ వేలంలో మొదట అమ్ముడుపోయింది 1839 జనవరిలో. ఆ తర్వాత వంద ఏళ్ళకు దగ్గరగా, మన దేశంలో పండిన టీలో ఎక్కువ భాగం ఓడెక్కి పోయింది. 1903లో టీ సెస్ చట్టం వచ్చింది. ఎగుమతయ్యే టీ మీద పన్ను వేసి ఆ డబ్బుతో ప్రచారం చేయాలన్నది ఉద్దేశం. 1930ల ఆర్థిక మాంద్యంలో ధరలు కూలి, 1933లో అంతర్జాతీయ ఒప్పందంతో ఎగుమతులకు కోటా పెట్టాక, తోటల యజమానుల చూపు గట్టిగా ఈ దేశం జనం మీద పడింది. 1937 నుంచి ఇండియన్ టీ మార్కెట్ ఎక్స్‌పాన్షన్ బోర్డు పేరుతో ఊళ్ళకి వ్యాన్లు పంపారు, ఉచితంగా కప్పులు పోశారు, టీ ఎట్లా కాచాలో బొమ్మలు గీసి పోస్టర్లు అంటించారు. ఆ పోస్టర్లలోని టీ ఇంగ్లీషు పద్ధతి: మరిగిన నీళ్ళు ఆకు మీద పోసి, మూతపెట్టి, కొన్ని నిమిషాలు ఆగి, కాస్త పాలు కలుపుకోవాలి.

అప్పటి మద్రాసు రాజధానిలో ఇది తేలిగ్గా జరిగే పని కాదు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఇప్పటి చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో చాలా భాగం ఉత్తర ఆర్కాడులో ఉండేది. కాఫీ రాజ్యమది. తమిళ చరిత్రకారుడు ఎ.ఆర్. వెంకటాచలపతి 2006లో వచ్చిన తన పుస్తకంలో, కాఫీ అగ్రవర్ణ మధ్యతరగతి గుర్తుగా, టీ శ్రామికుల గుర్తుగా ఎట్లా విడిపోయాయో రాశారు. ఆయన రాసింది తమిళ సమాజం గురించే అయినా, చిత్తూరు వైపు పెరిగినవాళ్ళకి అది పరాయి కథలా ఉండదు. మా ఇంట్లో చుట్టాలొస్తే కాఫీ, మామిడి కోతకొచ్చిన కూలీలకి టీ. ఒకే పొయ్యి మీద రెండు గిన్నెలు. ఇది ఎవరు పెట్టిన పద్ధతో చిన్నప్పుడు నేను అడగలేదు.

ప్రచారం ఫలించింది కానీ బోర్డు కోరుకున్నట్టు కాదు. టీ అంగడివాడికి ఆకు ఖరీదైన సరుకు. ఆకు తగ్గించి, పాలూ చక్కెరా పెంచి, అల్లమో ఏలక్కాయో దంచివేసి, అన్నీ కలిపి మరిగించాడు. దీనివల్ల ఆకు వాడకం తగ్గుతోందని తోటలవాళ్ళు గొణుక్కున్నారు. తర్వాత వాళ్ళ యంత్రమే ఆ అంగడివాడికి సాయం చేసింది. అస్సాంలో 1930ల మొదట్లో తయారైన సీటీసీ యంత్రం ఆకుని నలిపి, చీల్చి, గుండ్రటి పలుకులుగా చుడుతుంది. ఆ పొడి కొంచెం వేసినా చిక్కటి రంగు, గట్టి వగరు దిగుతాయి. స్వాతంత్ర్యం తర్వాత ఇది విస్తరించి చౌకయ్యాకే మరిగించిన పాల టీ దేశమంతా పాకిందని ఫిలిప్ లట్‌గెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడి వాదన. ఇవాళ దేశంలో పండే టీలో సుమారు 80 శాతం మనమే తాగుతున్నాం.

*

ఇక్కడ మా నాయన ప్రశ్నకి సగం జవాబు దొరికింది. మిగతా సగం కోసం వంటింట్లోకి పోయాను.

టీ రుచి చూసేవాళ్ళకి ఐఎస్ఓ 3103 అని ఒక ప్రమాణం ఉంది. వంద మిల్లీలీటర్ల నీళ్ళకి రెండు గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు. నాలుగు టీలూ అట్లాగే పెట్టి, నాయనా నేనూ చెంచాతో జుర్రుకుంటూ చూశాం. స్ట్రాబెర్రీ టీ చిన్నప్పటి రబ్బరు వాసన వచ్చింది. నిమ్మ టీలో నిజం నిమ్మతొక్క ఉంది, నిజాయితీగా ఉంది. మామిడి టీ పెట్టె తీయగానే గది నిండా గుప్పుమంది, నోట్లో పెట్టుకుంటే మాత్రం వట్టి టీ. "ముక్కుకి మామిడి, నాలిక్కి ఏమీ లేదు" అన్నాడు నాయన. ఏమీ కలపని నీలగిరి టీనే ఇంకో కప్పు అడిగాడు.

అదే మామిడి టీని మా అమ్మ చేసే పద్ధతిలో పాలల్లో వేసి మూడు పొంగులు రానిచ్చాను. మామిడి జాడ లేదు. అల్లం, మిరియం, ఏలక్కాయ మరిగేకొద్దీ సారం ఇస్తాయి. పండు వాసనలు తేలిక, ఆవిరితో లేచిపోతాయి. మిగిలిన కాస్తా పాల కొవ్వులో, పొడి వగరులో మునిగిపోతుంది. సరే, వాసన ఎందుకు, కాయే వేద్దామని దోరకాయ ముక్కలు వేశాను. పాలు విరిగిపోయాయి. పాల పీహెచ్ సుమారు 6.6; పులుపు కలిసి అది 4.6 వైపు దిగేకొద్దీ కేసిన్ గడ్డకడుతుంది, వేడి మీద ఇంకా ముందే. చల్లటి పాలల్లో బాగా పండిన మామిడి కలుపుకుని తాగుతాం కదా అనొచ్చు. పొయ్యి మీద ఆ వెసులుబాటు లేదు.

ఇంకో అడ్డంకి మా తోపులోనే ఉంది. తోతాపురిని, అంటే మా బెంగుళూర కాయని, గుజ్జుకోసం పెంచేది కండ ఎక్కువని, కాపు ఎక్కువని, ధర తక్కువని. వాసనలో అది బంగినపల్లికో, ఆల్ఫాన్సోకో దగ్గరికి కూడా రాదు. దాని తొక్క ఎండబెట్టి, నీలగిరి ఆకుతో కలిపి, మల్లెపూల పద్ధతిలో మూడు రాత్రులు డబ్బాలో మూసిపెట్టాను. నాలుగో రోజు ఎండు తొక్క వాసన వచ్చింది. మా కాయ గుజ్జై, రెండొందల కిలోలు దాటిన డ్రమ్ముల్లో గల్ఫుకీ యూరప్‌కీ పోతుంది. టీ పెట్టెలోని మామిడి ఎక్కువగా ఏదో ల్యాబులోనే పుడుతుంది. పెట్టె మీద ఫ్లేవర్డ్ టీ అని రాయాలని చట్టం ఉంది, రాశారు కూడా. కాకపోతే ఆ మాట చిన్నది, పక్కనున్న మామిడి బొమ్మ పెద్దది.

కాబట్టి, మరిగించే పద్ధతి, పాలు, దుమ్ము టీ, తోతాపురి. ఈ నాలుగూ కలిసి పండుని మన టీలోకి రానివ్వలేదు. ఇంతవరకు రాసుకుని వ్యాసం అయిపోయిందనుకున్నాను.

*

సెలవు అయిపోయే ముందురోజు మా తోపులో చివరి కోత. ఆ పొద్దు టీ నేను పెడతానన్నాను. నీలగిరి ఆకు, పాలు లేకుండా, నిమ్మరసం పిండి, కొంచెం సుగంధిపాల షర్బత్ కలిపి. మా వైపు నన్నారి అంటే తెలియనివాళ్ళు లేరు. దాని వాసన వేడికి తట్టుకుంటుంది; ఆ వాసననిచ్చే పదార్థం వెనిలా వాసననిచ్చేదానికి రసాయనంలో తోబుట్టువు. నాకైతే ఆ నాలుగు పెట్టెలకన్నా ఇదే బాగుంది.

పదిమందికీ గ్లాసుల్లో పోశాను. కోతమనుషుల్లో పెద్దామె ఒకామె గ్లాసులోకి చూసి, నా మొహం చూసి, "పాలు లేవా అబ్బోడా ఇంట్లో?" అంది. ఎగతాళి లేదు ఆ గొంతులో. మా ఇంట్లో నిజంగానే ఏదో ఇబ్బంది వచ్చిందనుకుంది. పాలు లేని టీ ఆమెకి తెలుసు. పాలు కొనలేని రోజుల్లో ఇంట్లో తాగిన టీ అది. ఒకరి ఇంటికి పనికొస్తే వాళ్ళు పోసే టీ ఎంత చిక్కగా ఉందో, అంత మర్యాద.

నేను చదివినవాటిలో ఈ సంగతి నాకు కనబడలేదు, కనబడినా పట్టుకుని ఉండను. చుట్టాలకి కాఫీ, కూలీలకి టీ అని గిన్నెలు వేరుచేసిన ఇంట్లో, ఆ రెండో గిన్నెలోకి పాలు వచ్చి చేరడం వాళ్ళు గెలుచుకున్నది. నేను ఏడాది బోనస్ వచ్చే ఉద్యోగం చేస్తూ, నాలుగొందల యాభై పెట్టి పాలు తీసేసిన టీ కొనుక్కుని, దాన్ని రుచి అంటున్నాను.

నాయన ఏమీ అనకుండా గిన్నె తీసుకుని పాలకోసం ఇంటికి నడిచాడు. ఆ పొద్దు రెండోసారి పెట్టిన టీలో అల్లం వేశాం. నేనూ అదే తాగాను.