ఉర్లాం కాలవ, మన బోరుబావి

విశాఖ నుంచి పలాస వైపు రైల్లో వెళ్తుంటే శ్రీకాకుళం రోడ్డు దాటాక ఉర్లాం అని చిన్న స్టేషనొస్తుంది. మనం కిటికీలోంచి చూసి వదిలేస్తాం గానీ, నీటి హక్కుల కేసులు చదివే లాయర్లకి ఈ పేరు బాగా తెలుసు.

కథేంటంటే, అప్పట్లో ఇది గంజాం జిల్లా. ఉర్లాం జమీందారు కాలవలకి నీళ్ళు వంశధార నుంచి వచ్చేవి. 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటప్పటి కంటే తరవాత సాగు పెరిగింది. పెరిగిన సాగుకి నీటితీరువా కట్టమంది సర్కారు, 1865 నాటి మద్రాసు చట్టం చూపించి. జమీందారు కోర్టుకెక్కాడు. కేసు లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1917లో జమీందారే గెలిచాడు. హక్కుకి కొలత ఎన్ని ఎకరాలు తడిశాయన్నది కాదు, కాలవ ఎంత నీరు పట్టగలదన్నది అన్నారు. మన భాషలో చెప్పాలంటే బ్యాండ్‌విడ్త్‌కి డబ్బు కట్టాక డౌన్‌లోడ్ ఎంత చేసుకున్నా అడక్కూడదన్నమాట!

సరే, కాలవ కంటికి కనపడుతుంది, కొలవచ్చు. మరి నేల కింద నీళ్ళో?

1843లో ఇంగ్లండులో ఒక మిల్లు యజమాని బావి, పక్కవాళ్ళు బొగ్గు గనులు తవ్వడంతో ఎండిపోయింది. ఎవరి నేలలో వాళ్ళు తవ్వుకున్నారు, నష్టపరిహారం లేదు పొమ్మంది కోర్టు. అదే ఆలోచన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంతో మన దేశానికీ వచ్చింది. నిర్దిష్టమైన ప్రవాహంగా పారని భూగర్భజలాన్ని నేల యజమాని తన హద్దుల్లో ఎంతైనా తోడుకోవచ్చు. 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు రద్దయ్యాయి గానీ, నేల కింద జమీందారీ మాత్రం చెక్కుచెదరలేదు. ఎవడి మోటారు హార్స్‌పవర్ ఎక్కువైతే వాడే జమీందారు.

దీన్ని కాస్త కదిలించింది 2002. ఆ ఏడాది వచ్చిన వాల్టా చట్టం బావులు రిజిస్టరు చేయించమంది. మంచినీటి వనరుకి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు వెయ్యొద్దంది. అదే ఏడాది లా రిపోర్టుల్లో అచ్చయిన ఒక తీర్పులో మన హైకోర్టు, లోతు భూగర్భజలం ప్రజల తరఫున ప్రభుత్వం చేతిలో ఉన్న ట్రస్టు ఆస్తి అంది. 2003లో కేరళ హైకోర్టు సింగిల్ జడ్జి కూడా ప్లాచిమడ కోకాకోలా కేసులో దాదాపు ఇదే మాటన్నారు. కానీ 2005లో డివిజన్ బెంచి దాన్ని తిప్పేసి, నేల యజమానిగా కంపెనీకి హక్కుందంటూ రోజుకి 5 లక్షల లీటర్లకి ఒప్పుకుంది. కేసు సుప్రీంకోర్టులో ఉండగా, 2017లో ఫ్యాక్టరీ మళ్ళీ తెరవమని కంపెనీయే చెప్పేసింది. అసలు ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

ఇప్పుడు మళ్ళీ శ్రీకాకుళానికి వద్దాం. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణమేంటో ఇదమిత్థంగా తేలలేదు గానీ, బోరునీళ్ళంటే జనానికి భయం. అందుకే హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్ళు తెచ్చారు, 2023లో ప్రారంభించారు. ఒకప్పుడు లండన్ దాకా వెళ్ళి కొట్లాడుకున్న నది నీళ్ళే ఇవి. పైపు వేశాం కదా అని కింది నీటిని వదిలేస్తే, పైపు చేరని ఊరికి దిక్కెవరు?

చట్టం లేక కాదు, వాల్టా ఉంది. వేసవిలో అపార్టుమెంటుకి ట్యాంకరు పిలిచే మనం, ఆ నీళ్ళు ఎవరి బావి ఎండగట్టి వచ్చాయో ఒక్కసారైనా అడిగామా? నేనైతే అడగలేదు. మీరు?