పందెం మనిషి మీదా, గడియారం మీదా?

ల్యూజ్ అని ఒక ఆట ఉంది. పేరు చూసి ఓడిపోవడం అనుకోకండి, వదులు అంతకన్నా కాదు :) మంచు మీద జారే చిన్న బండిని ఫ్రెంచిలో అలా అంటారు. దాని మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు ముందుకు చాపి, మలుపులు తిరిగే మంచు కాలువలో గంటకి 130, 140 కిలోమీటర్ల వేగంతో కిందికి జారాలి. బ్రేకులుండవు. ఒలింపిక్స్ సింగిల్స్‌లో నాలుగు రన్నులు, మొత్తం టైము ఎవరిది తక్కువైతే వాళ్ళకి బంగారు పతకం.

చలికాలం ఒలింపిక్స్ వచ్చినప్పుడల్లా యూరప్‌లో దీని మీద కూడా పందేలు కాస్తారు. ఈ పందెంలో ఒక తమాషా ఉంది. సంక్రాంతి బరిలో ఏ కోడి గెలిచిందో చుట్టూ నించున్న వాళ్ళందరికీ కనిపిస్తుంది. గుర్రాలైనా పక్కపక్కనే పరిగెడతాయి. ల్యూజ్ సింగిల్స్‌లో ఒకరు వెళ్ళాక ఇంకొకరు. ఎవరు గెలిచారో కంటితో చూసి చెప్పగలిగిన వాడు లేడు. గడియారం ఏం చెప్తే అదే. అందుకే ఈ ఆట చరిత్రని పందెం కాసేవాడి వైపు నుంచి చూస్తే, అది సగం గడియారం చరిత్రే అనిపిస్తుంది నాకు.

మొదటి అంతర్జాతీయ పోటీ 1883లో స్విట్జర్లాండ్‌లో జరిగింది. దావోస్ దగ్గర్నుంచి క్లోస్టర్స్ దాకా 4 కిలోమీటర్ల మామూలు రోడ్డు, మీద మంచు. 21 మంది దిగారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రాబర్ట్‌సన్ అనే విద్యార్థీ, క్లోస్టర్స్ ఊరి పోస్ట్‌మన్ మిన్ష్ అనే ఆయనా ఇద్దరూ 9 నిమిషాల 15 సెకన్లకే చేరారు. ఇద్దరినీ విజేతలన్నారు. అంటే ఆట పుట్టడమే టై తో పుట్టింది. మన భాషలో చెప్పాలంటే ఇది రిజల్యూషన్ ప్రాబ్లం: టైమ్‌స్టాంపులో అంకెలు తక్కువుంటే రెండు వేర్వేరు విలువలు ఒకటే అయిపోతాయి.

టై అయితే బుకీలు ఏం చేస్తారో తెలుసా? మీరు కట్టిన డబ్బుని సగం చేస్తారు. సగం గెలిచినట్టు, మిగతా సగం పోయినట్టు. మీ వాడు ఫేవరెట్, రేటు 1.80 అనుకుందాం. వంద రూపాయలు కట్టారు. ఒంటరిగా గెలిస్తే చేతికి 180 వస్తుంది. టై అయితే 50 మీద 1.80, అంటే 90. మీ వాడి మెడలో బంగారు పతకం ఉంటుంది, మీ జేబులో పది రూపాయలు తగ్గుతాయి!

ఊరికే లెక్క కోసం చెప్పింది కాదిది. 1964లో ఇన్స్‌బ్రక్‌లో ల్యూజ్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది. 1972లో సప్పోరోలో డబుల్స్ పోటీ. మొదటి రన్నులో ఇటలీ జంట హిల్డ్‌గార్ట్‌నర్, ప్లైక్‌నర్ ముందున్నారు. తీరా చూస్తే స్టార్టింగ్ గేటు సరిగ్గా పనిచెయ్యలేదని ఆ రన్నే రద్దు చేశారు. ఇటలీ వాళ్ళు గొడవ చేశారు, పని జరగలేదు. మళ్ళీ జారారు. చివరికి ఇటలీ, తూర్పు జర్మనీ రెండు జంటలదీ 1:28.35. రెండు బంగారాలు ఇచ్చారు. ఆ తర్వాతే టైముని సెకనులో వెయ్యో వంతు దాకా కొలవడం మొదలైంది.

ఆ మూడో అంకె విలువ 1998 నగానోలో తెలిసింది. నాలుగు రన్నులు, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు దూరం. సిల్కె క్రౌస్‌హార్ మొత్తం టైము 3:23.779, బార్బరా నీడర్న్‌హుబర్‌ది 3:23.781. ఇద్దరూ జర్మన్లే. తేడా 0.002 సెకను. ఆ వేగంలో అది ఆరేడు సెంటీమీటర్లు. పాత గడియారమైతే మళ్ళీ టై అయ్యేది.

గడియారం నిజం చెప్పినా బండి అబద్ధం చెప్పొచ్చు. 1968 గ్రెనోబుల్‌లో తూర్పు జర్మనీ అమ్మాయిలు మొదటి, రెండో, నాలుగో స్థానాల్లో ఉండగా వాళ్ళ బండ్ల ఇనప బద్దీలు వేడి చేశారని ముగ్గురినీ బయటికి పంపారు. వేడి ఇనుము కింద మంచు కరిగి బండి ఇంకా బాగా జారుతుంది. మూడో స్థానంలో ఉన్న ఇటలీ అమ్మాయి ఎరికా లెష్నర్‌కి బంగారం వచ్చింది. ఇప్పుడు రేసుకి ముందు బద్దీల ఉష్ణోగ్రత కొలిచి మరీ పంపిస్తారు.

ఇక పందేల దుకాణం సంగతి. బ్రిటన్‌లో బెట్టింగ్ షాపులు 1961 నుంచి చట్టబద్ధం. అమెరికాలో నెవాడా 2001లో ఒలింపిక్స్ మీద పందేలు ఆపేసి, 2015లో మళ్ళీ తెరిచింది. మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆన్‌లైన్ పందేల మీద చట్టాలు మార్చాయి, 2025లో కేంద్రం చట్టమూ వచ్చింది. కాబట్టి ఈ టపా చదివి ఎవరూ ఉత్సాహపడక్కర్లేదు.

పైగా పెద్ద లాభమూ లేదు. జర్మనీలోనే నాలుగు కృత్రిమ ట్రాకులు కట్టారు. పిల్లలు చిన్నప్పట్నుంచీ వాటి మీదే జారతారు. 2014 సోచీలో నాలుగు బంగారాలూ వాళ్ళవే, 2022 బీజింగ్‌లోనూ నాలుగూ వాళ్ళవే. అలాంటి ఫేవరెట్ మీద రేటు ఏం వస్తుంది? అలాగని 2018లో రెండుసార్ల ఛాంపియన్ ఫెలిక్స్ లోక్ మూడు రన్నులయ్యేసరికి మొదట ఉన్నాడు. అప్పుడు లోక్ ఓడిపోతాడని కాసేవాడికి పిచ్చి అనేవాళ్ళం. నాలుగో రన్నులో తొమ్మిదో మలుపు దగ్గర ఒక్క తప్పు, అయిదో స్థానం. అప్పటిదాకా ఒక్క వరల్డ్ కప్ రేసు కూడా గెలవని ఆస్ట్రియా కుర్రాడు డేవిడ్ గ్లైర్షర్ గెలిచాడు.

మన శివ కేశవన్ 1998 నుంచి 2018 దాకా ఆరు ఒలింపిక్స్‌లో జారాడు. కృత్రిమ ట్రాకు లేని దేశం నుంచి, బండికి చక్రాలు కట్టి హిమాలయాల రోడ్ల మీద లారీల మధ్య ప్రాక్టీసు చేసి వెళ్ళినవాడు. అతను పతకం గెలుస్తాడని కాసేవాడు ఎవడూ ఉండి ఉండడు. నాకు మాత్రం ఈ మొత్తం చరిత్రలో అతనంటేనే ఎక్కువ ఇష్టం.

ఒక్క విషయం మిగిలింది. 2010 ఫిబ్రవరి 12, విస్లర్. ప్రారంభోత్సవం రోజు ట్రైనింగులో జార్జియా కుర్రాడు నోదార్ కుమారితష్విలి చివరి మలుపు దగ్గర అదుపు తప్పి, ట్రాకు బయటికి ఎగిరి ఇనప స్తంభానికి కొట్టుకుని చనిపోయాడు. 21 ఏళ్ళు. అక్కడ గోడ ఎత్తు పెంచారు. మగవాళ్ళ స్టార్టింగుని కిందికి, ఆడవాళ్ళు మొదలుపెట్టే చోటికి మార్చారు. అంటే ముందు రోజు పందెం కాసినవాడు కాసింది ఒక ట్రాకు మీద, రేసు జరిగింది ఇంకో ట్రాకు మీద. రేట్లు మళ్ళీ లెక్కేసుకోవాల్సిందే. ఆ లెక్క వేసేవాడికి చావు కూడా ఇంకో వేరియబుల్! ఇది రాస్తుంటే నాకే ఎలాగో ఉంది.

మర్నాడు రేసు మొదలైంది. జార్జియా రెండో ఆటగాడు లెవాన్ గురెషిద్జే పోటీలో దిగలేదు.